మద్యం ఒంట్లో చేరాక ఏం జరుగుతుంది?

ఎండాకాలంలో బనగానపల్లె మామిడిపండ్లను గంపలో కప్పిపెట్టి మరిచిపోతే ఏమవుతుందో మీలో చాలామందికి తెలుసు. అతిగా మగ్గి రసం కారుతున్న పండు దగ్గర ముక్కు పెడితే ఒక రకమైన ఘాటు వాసన తగులుతుంది. తెల్లవారుజామున దించిన ఈతకల్లు పొద్దెక్కేసరికి నురుగు కట్టి అలాంటి వాసనే వేస్తుంది. రెండుచోట్లా పనిచేసింది ఈస్టు అనే శిలీంధ్రమే. విడివిడిగా కంటికి కనిపించని ఈ సూక్ష్మజీవి పండ్ల తొక్కల మీదా, కల్లుముంతల అంచుల్లోనూ ఉంటుంది. అది చక్కెరను తిని రెండు పదార్థాలను విడుస్తుంది. ఒకటి కార్బన్ డయాక్సైడు వాయువు. కల్లు నురగడానికి కారణం అదే. రెండోది ఇథైల్ ఆల్కహాలు. ఈ మార్పును శాస్త్రంలో కిణ్వనం అంటారు. ఇంట్లో మనం పులియడం అంటాం.

ఈస్టుకు ఆల్కహాలు ఆహారం కాదు, విసర్జన. ద్రవంలో అది ఇంచుమించు 15 శాతానికి చేరేసరికి ఈస్టు అందులో బతకలేదు. కిణ్వనం ఆగిపోతుంది. తనను తయారుచేసిన జీవినే చంపే పదార్థమన్నమాట! అంతకన్న ఘాటైన మద్యం కావాలంటే స్వేదనం చేయాలి. నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగుతుంది. ఇథైల్ ఆల్కహాలు 78 డిగ్రీల వద్దే మరుగుతుంది. కాబట్టి పులిసిన ద్రవాన్ని కాచినప్పుడు ఆల్కహాలు పాలు ఎక్కువగా ఉన్న ఆవిరి ముందు లేస్తుంది. ఆ ఆవిరిని చల్లబరిస్తే వచ్చేదే సారా. బ్రాందీ, విస్కీలు కూడా ఈ స్వేదనం వల్ల వచ్చినవే. పేర్లు, రంగులు, సీసాలు వేరు. లోపలి మత్తు పదార్థం ఒక్కటే.

ఎందులో ఎంత?

"కల్లు మంచిదే కద సార్, చెట్టు నుంచి వస్తుంది" అని తరగతిలో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. లెక్క వేసి చూద్దాం. ఒక మిల్లీలీటరు ఆల్కహాలు బరువు 0.79 గ్రాము.

మన దేశంలో అమ్మే విస్కీ, బ్రాందీ సీసాల మీద సాధారణంగా 42.8 శాతం అని ఉంటుంది. 180 మిల్లీలీటర్ల "క్వార్టరు"లో ఆల్కహాలు 77 మిల్లీలీటర్లు, అంటే సుమారు 61 గ్రాములు. 5 శాతం ఘాటుగల 650 మిల్లీలీటర్ల బీరు సీసాలో 26 గ్రాములు. బాగా పులిసిన కల్లులోనూ ఆల్కహాలు 5 శాతం దాకా ఉంటుంది. ఆ లెక్కన లీటరు కల్లులో సుమారు 40 గ్రాములు. అంటే ఒక లీటరు కల్లు ఒకటిన్నర బీరు సీసాలకు సమానం. చెట్టు నుంచి వచ్చింది చక్కెర నీరు. ఆ చక్కెర ఆల్కహాలుగా మారిన తరువాత అది ఏ చెట్టుదని శరీరం అడగదు.

నోటి నుంచి నెత్తురులోకి

అన్నం, పప్పు జీర్ణమైతే తప్ప నెత్తురులో కలవవు. ఆల్కహాలుకు జీర్ణం కావలసిన పని లేదు. కొంత జీర్ణాశయం గోడల నుంచి, ఎక్కువ భాగం చిన్నపేగుల నుంచి నేరుగా నెత్తురులోకి పోతుంది. ఖాళీ కడుపున అయితే ఇంకా తొందరగా ఎక్కుతుంది. అది నీటిలో పూర్తిగా కలిసిపోయే పదార్థం. కనుక శరీరంలో నీరున్న ప్రతి చోటికీ వెళుతుంది. మెదడుకు, గుండెకు, గర్భిణి అయితే కడుపులోని బిడ్డకు కూడా చేరుతుంది. బిడ్డ కాలేయానికి దాన్ని విరిచే శక్తి దాదాపు ఉండదు.

కొద్ది భాగం మాత్రం ఉన్నదున్నట్లుగా ఊపిరితో, చెమటతో, మూత్రంతో బయటికి పోతుంది. తాగినవాడి నోరు ఎన్నిసార్లు పుక్కిలించినా వాసన కొట్టడానికి కారణం ఇదే. అది నోటిలోనిది కాదు, ఊపిరితిత్తులలోని నెత్తురు నుంచి వస్తున్నది. పోలీసులు గొట్టంలోకి ఊదించి పరీక్ష చేసేది కూడా ఈ సూత్రం మీదనే. మన దేశపు మోటారు వాహనాల చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల నెత్తురులో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉన్నవాడు బండి నడిపితే నేరం.

కాలేయం తొందరపడదు

మిగిలినదాన్ని విరగగొట్టే బాధ్యత ముఖ్యంగా కాలేయానిది. ఆ పని రెండు మెట్లలో జరుగుతుంది. మొదటి మెట్టులో ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము ఆల్కహాలును ఎసిటాల్డిహైడుగా మారుస్తుంది. రెండో మెట్టులో ఇంకో ఎంజైము దాన్ని ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తుంది. చివరికి అది కార్బన్ డయాక్సైడు, నీరుగా మారిపోతుంది.

ఇక్కడ బాగా గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. రేషను దుకాణంలో తూకం వేసే మనిషి ఒక్కడే ఉన్నాడనుకోండి. వరుసలో పదిమంది ఉన్నా వందమంది ఉన్నా అతడు గంటకు తూచేది అంతే. కాలేయమూ అంతే. సాధారణంగా గంటకు 7 నుంచి 10 గ్రాముల ఆల్కహాలును మాత్రమే అది విరవగలదు. ఎంత ఎక్కువ తాగితే అంత ఎక్కువ సేపు మిగతాది నెత్తురులో తిరుగుతూ ఉంటుంది. క్వార్టరులో 61 గ్రాములు కద! దాన్ని వదిలించుకోవడానికి 6 నుంచి 9 గంటలు పడుతుంది. రాత్రి 10 గంటలకు తాగినవాడి నెత్తురులో తెల్లవారి 5 గంటలకు కూడా ఆల్కహాలు ఉండవచ్చు. మన ప్రాంతంలో పొద్దున్నే నాపరాయి కోసే రంపం దగ్గర నిలబడేవారు, ట్రాక్టరు నడిపేవారు ఎందరో ఉన్నారు. తెల్లారింది కనుక మత్తు దిగిందనుకోవడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

మజ్జిగ, నిమ్మరసం, కాఫీ, చన్నీళ్ళ స్నానం వరుసను ఒక్క నిమిషం కూడా తగ్గించలేవు. కాఫీ తాగితే నిద్రమత్తు కొంత పోవచ్చు. తాగినవాడు మెలకువగా ఉన్న తాగినవాడవుతాడు, అంతే.

మధ్యలో పుట్టే ఎసిటాల్డిహైడు విషపదార్థం. అది కణాలలోని డి.ఎన్.ఎ.ను దెబ్బ తీస్తుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మద్యాన్ని క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో 1988లోనే చేర్చింది. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, స్త్రీలలో రొమ్ము క్యాన్సర్లకు మద్యంతో సంబంధం ఉంది. రోజూ తాగేవారి కాలేయంలో ముందు కొవ్వు పేరుకుంటుంది. ఈ దశలో తాగుడు మానేస్తే అది చాలావరకు కోలుకుంటుంది. మానకపోతే వాపు వస్తుంది, తరువాత మెత్తని కాలేయం మచ్చలు కట్టి గట్టిపడుతుంది. దీన్నే సిర్రోసిస్ అంటారు. కళ్ళు పచ్చబడటం, పొట్టలో నీరు చేరటం, నెత్తురు కక్కుకోవటం అప్పుడు కనిపించే లక్షణాలు. అంతదాకా వచ్చాక వెనక్కి తిప్పడం చాలా కష్టం. "ఇంత తాగితే ఏ హానీ లేదు" అనదగ్గ హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టం చేసింది.

మెదడులో ఏం జరుగుతుంది?

తాగినవాడికి ధైర్యం వస్తుందంటారు. నిజానికి వచ్చేది ధైర్యం కాదు. మెదడు ముందుభాగం మంచిచెడ్డలు తూచి మనను ఆపుతుంది. ఆల్కహాలు ముందుగా మందగింపజేసే పనులలో అది ఒకటి. పల్లంలో బ్రేకు తెగిన బండి జోరుగా పోతుంటే దాన్ని ఎద్దుల బలం అనము కద! మోతాదు పెరిగితే చిన్నమెదడు పట్టు తప్పుతుంది. నడక తూలుతుంది, మాట ముద్దవుతుంది. ఇంకా పెరిగితే ఊపిరిని నడిపే మెదడు కాండం కూడా మందగిస్తుంది. అప్పుడు ప్రాణమే పోవచ్చు.

మీ వయసువారికి ఒక ప్రత్యేక ప్రమాదం ఉంది. మెదడు ముందుభాగం పూర్తిగా ఎదగడానికి ఇరవయ్యో పడి సగం గడవాలి. ఇంకా కడుతున్న గోడమీద వాన పడితే తడిమట్టి జారిపోయినట్లు, ఎదిగే మెదడు మీద మత్తుపదార్థాల దెబ్బ పెద్దవారికన్నా ఎక్కువ. చిన్న వయసులో మొదలుపెట్టినవారు వ్యసనంలో పడే అవకాశం కూడా ఎక్కువని ఎన్నో పరిశీలనలు చూపాయి. గంజాయి, నిద్రమాత్రలు, గుడ్డలో పోసి పీల్చే ద్రావకాలు కూడా ఇదే మెదడును వేర్వేరు దారులలో దెబ్బతీస్తాయి. గంజాయిలోని మత్తు పదార్థం కొవ్వులో నిలవ ఉంటుంది కనుక మత్తు దిగిన తరువాత కూడా రోజుల తరబడి శరీరంలో ఉంటుంది.

వేడి, చలి, అలసట

"ఒళ్ళు నొప్పులు పోవడానికి తాగుతాను" అనే మాట మీరు విని ఉంటారు. నొప్పి తెలియకపోవడం వేరు, నొప్పి పోవడం వేరు. రాయి మోసిన కండకు కావలసింది ఆహారం, విశ్రాంతి. గ్రాము ఆల్కహాలు 7 కిలోకేలరీల శక్తి ఇస్తుంది కాని మాంసకృత్తులు, విటమినులు ఏమీ ఇవ్వదు.

చలికి వెచ్చగా ఉంటుందన్నదీ పొరపాటే. ఆల్కహాలు చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. లోపలి వేడి చర్మానికి వచ్చి వెచ్చగా అనిపిస్తుంది, తరువాత అదే వేడి బయటి చలిలోకి పోతుంది.

మన సీమ ఎండలలో ఇంకో సంగతి. మూత్రపిండాలు నీటిని పట్టి ఉంచడానికి మెదడు నుంచి ఒక హార్మోను వస్తుంది. ఆల్కహాలు దాన్ని తగ్గిస్తుంది. మామూలుకన్నా ఎక్కువ నీరు మూత్రంగా పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో గనుల్లో, చేలల్లో పనిచేసేవారికి అసలే చెమటతో నీరు తగ్గి ఉంటుంది. దానికి ఇది తోడైతే వడదెబ్బను పిలిచి పీట వేసినట్లే.

ఒక కార్బన్ తేడా

ఇథైల్ ఆల్కహాలులో రెండు కార్బన్ పరమాణువులు ఉంటాయి. మిథైల్ ఆల్కహాలులో ఒకటే ఉంటుంది. రంగులలో, ద్రావకాలలో పరిశ్రమలవారు వాడేది ఇది. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి. కాని కాలేయంలోని అదే ఎంజైము మిథైల్ ఆల్కహాలును ఫార్మాల్డిహైడుగా మారుస్తుంది. అది తరువాత ఫార్మిక్ ఆమ్లం అవుతుంది. ఈ ఆమ్లం కణాలు ఆక్సిజను వాడుకోకుండా అడ్డుపడుతుంది. కంటినరం మొదట దెబ్బతినే వాటిలో ఒకటి. కొద్ది మిల్లీలీటర్లతోనే చూపు పోవచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. బాధలు వెంటనే కనిపించకపోవడం ఇందులోని మోసం. పన్నెండు గంటలు, ఒక్కోసారి రోజు గడిచాక కడుపునొప్పి, వాంతులు, కళ్ళముందు మంచు కమ్మినట్లు మసక మొదలవుతాయి. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోతే ఆ ఎంజైమును అడ్డుకునే మందులు, డయాలిసిస్ ఉన్నాయి. ఇంట్లో చేయదగిన వైద్యం ఏదీ లేదు.

2024 జూన్‌లో తమిళనాడులోని కళ్ళకురిచ్చిలో మిథైల్ ఆల్కహాలు కలిసిన సారా తాగి 60 మందికి పైగా మరణించారు. 2020లో కరోనా రోజుల్లో మన ప్రకాశం జిల్లా కురిచేడులో దుకాణాలు మూసి ఉండగా చేతులు శుభ్రం చేసుకునే శానిటైజరు తాగి పదిమందికి పైగా చనిపోయారు. సీసా మీద "ఆల్కహాలు" అని ఉన్నంత మాత్రాన అది తాగదగినది కాదు. కొన్నిచోట్ల కల్లులో క్లోరల్ హైడ్రేటు, డయాజిపామ్ వంటి నిద్రమందులు కూడా కలుపుతారు. ఇటువంటి కల్లుకు అలవాటు పడినవారికి 2015 సెప్టెంబరులో తెలంగాణలోని నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో అది ఒక్కసారిగా దొరకకపోయేసరికి ఎందరో వణుకుతో, పిచ్చిచూపులతో ఆసుపత్రుల పాలయ్యారు.

అలవాటు జబ్బుగా ఎలా మారుతుంది?

మానేస్తే జబ్బు చేయడం ఏమిటని మీకు అనుమానం రావచ్చు. మెదడులో కొన్ని రసాయనాలు పనిని ఉరికిస్తాయి, కొన్ని అణచి ఉంచుతాయి. ఆల్కహాలు అణిచే పక్షానికి బలం ఇస్తుంది. ఏళ్ళ తరబడి రోజూ తాగితే, సమం చేసుకోవడానికి మెదడు ఉరికించే పక్షాన్ని పెంచుకుంటుంది. అందుకే వెనుకటి మోతాదు చాలదు, రోజురోజుకూ ఎక్కువ కావాలి. హఠాత్తుగా మద్యం ఆపితే అణిచేది పోయి ఉరికించేది మాత్రం మిగులుతుంది. చేతులు వణుకుతాయి, నిద్ర రాదు, లేనివి కనిపిస్తాయి, మూర్ఛలు రావచ్చు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వల్ల మద్యం దుకాణాలు మూసినప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇటువంటి రోగులు పెద్దసంఖ్యలో వచ్చారు.

దీన్నిబట్టి రెండు సంగతులు తెలుస్తున్నాయి. వ్యసనం అంటే బుద్ధి లేకపోవడం మాత్రమే కాదు, వైద్యం ఉన్న జబ్బు. ఏళ్ళుగా రోజూ తాగే మనిషి డాక్టరు సహాయంతోనే మానాలి.

గోడల మీద, కరపత్రాలలో "తాగేవారికి తెలియకుండా తాగుడు మాన్పించబడును" అనే ప్రకటనలు చూసే ఉంటారు. తాగుడు మాన్పించడానికి డాక్టర్లు వాడే మందులలో డైసల్ఫిరామ్ ఒకటి. డెన్మార్కు పరిశోధకులు 1940లలో దీని గుణం కనిపెట్టారు. ఇది కాలేయంలోని రెండో మెట్టును మూసివేస్తుంది. అప్పుడు మద్యం తాగితే ఎసిటాల్డిహైడు పేరుకొని ముఖం ఎర్రబారి, గుండె దడదడలాడి, వాంతులు పట్టుకుంటాయి. రోగికి తెలిసి, డాక్టరు చూస్తూ ఉంటే ఇది మందు. తెలియని మనిషికి అన్నంలో కలిపి పెడితే, ఆయన మామూలుగా తాగేస్తే, ప్రాణానికే ముప్పు. కరపత్రం వారి పొడిలో అసలు ఏముందో కూడా తెలియదు. మీ అమ్మకో, అవ్వకో ఎవరైనా అటువంటి పొడి ఇస్తే ఈ మాట తప్పక చెప్పండి.

దూబగుంట పాఠం

మద్యం మీద పోరు మనవారికి కొత్త కాదు. మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టి, మరుసటి ఏడు చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. కాని అందరూ గుర్తుంచుకునేది నెల్లూరు జిల్లా దూబగుంట. అక్కడి ఆడవాళ్ళు అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రి బడికి వెళ్ళి చదువు నేర్చుకున్నారు. వాచకంలో సారా వల్ల చితికిన కుటుంబం గురించిన పాఠం ఉంది. అది తమ ఇంటి కథేనని వారికి తోచింది. వర్ధినేని రోశమ్మ వంటివారు ముందు నిలబడగా ఊరి సారా దుకాణం మూయించారు. 1992లో ఆ ఉద్యమం మన కర్నూలు, కడపలతో సహా రాష్ట్రమంతా పాకింది. మన కర్నూలు జిల్లాకే చెందిన కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా 1993 అక్టోబరు 1 నుంచి సారాను నిషేధించారు. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. అది 1997లో సడలింది. నాటుసారా నేటికీ చట్టవిరుద్ధమే అయినా దొంగచాటుగా కాస్తూనే ఉన్నారు. చట్టం దుకాణం మూయగలదు. వద్దనుకోవడం మాత్రం మనిషి తెలిసి చేయవలసిన పని. దూబగుంటలో అది ఒక పాఠంతో మొదలైంది.

మీ ఇంట్లో ఎవరైనా తాగుతుంటే

ముందుగా ఒక్క మాట. పెద్దవారు తాగడానికి పిల్లలు కారణం కారు. మార్కులు తక్కువ వచ్చినందుకు నాన్న తాగాడని ఎవరన్నా నమ్మకండి.

మత్తులో ఉన్న మనిషితో వాదించకండి. తెల్లారి నెమ్మదిగా ఉన్నప్పుడు మాట్లాడండి. తాగినవారి బండి వెనుక ఎక్కకండి. పిలిచినా లేవకుండా పడిపోతే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. వెల్లకిల ఉంటే వాంతి గొంతుకు అడ్డం పడుతుంది. నోట్లో నీళ్ళు, మజ్జిగ పోయకండి. వెంటనే 108కి ఫోను చేయండి. వ్యసనం మాన్పించే సలహాకు 14446, కొట్టడం, వేధించడం జరుగుతుంటే పిల్లల సహాయానికి 1098 ఉన్నాయి. మీ బడిలో నమ్మకమైన టీచరుకు చెప్పండి. ఇంటి పరువు పోతుందని దాచిన జబ్బు ఇంట్లోనే పెరుగుతుంది. స్నేహితుడు గ్లాసు చాచితే పెద్ద కారణాలు వెతకనక్కరలేదు. "నాకొద్దు" అన్న మాట చాలు.

చేసి చూడండి

సైన్సు టీచరు సమక్షంలో ఒక పరీక్షనాళికలో కోడిగుడ్డు తెల్లసొన కొద్దిగా తీసుకొని, దానిమీద ప్రయోగశాలలోని స్పిరిటు పోయండి. దగ్గర మంట ఉండరాదు. పారదర్శకంగా ఉన్న సొన కొద్దిసేపటిలో తెల్లగా గడ్డకడుతుంది. ప్రోటీను ఆకారం మారిపోవడమే కారణం. నెత్తురులో ఆల్కహాలు ఇంత చిక్కగా ఉండదు. కాని ఘాటు మద్యం మొదట తగిలే గొంతు, జీర్ణాశయపు పొరలూ ప్రోటీనులతో కట్టినవేనని గుర్తుంచుకోండి.

ప్రశ్నలు

1. ఒక మనిషి రాత్రి 9 గంటలకు రెండు లీటర్ల కల్లు తాగాడు. అందులో ఆల్కహాలు 5 శాతం. కాలేయం గంటకు 8 గ్రాములు విరిస్తే, ఆల్కహాలు పూర్తిగా పోయేసరికి మరునాడు ఎన్ని గంటలవుతుంది?

2. రోజుకు 100 రూపాయలు మద్యానికి పోతే ఏడాదికి ఎంత? ఆ డబ్బుతో మీ ఇంటికి ఏమేమి వస్తాయో జాబితా రాయండి.

3. మిథైల్ ఆల్కహాలు తాగినవాడు ఆ రాత్రి బాగానే ఉన్నా ఎందుకు ఆసుపత్రికి తీసుకుపోవాలి?

4. "నిమ్మరసం తాగితే మత్తు దిగుతుంది" అనే మీ పొరుగువారికి కాలేయం సంగతి ఎలా వివరిస్తారు?